మేస్త్రి మింగేసిన మాట

ఆ వీధిలో ఎవరింట్లో కుళాయి కారినా ఆయన పక్కమీంచే పసిగట్టేవాడు. పై వాటాలో బొట్టు పడిన చప్పుడు విని, "నర్సమ్మగారి వంటింట్లో వాషరు పోయింది, బాత్రూములోది కాదు" అని భార్యకు చెప్పి అటు తిరిగి పడుకునేవాడు. తెల్లారి చూస్తే అది వంటింట్లోదే అయ్యేది. అందుకే జనం ఆయనకు లీకుల మేస్త్రి అని పేరు పెట్టారు. వెక్కిరింతగా పుట్టిన పేరే గానీ, ఆయన మాత్రం దాన్ని శాలువాలా కప్పుకుని తిరిగేవాడు. కొత్తవాళ్ళెవరైనా "ప్లంబరు మీరేనా?" అని అడిగితే మొహం ముడుచుకునేవాడు.

పనిమంతుడే, అందులో వంక లేదు. వంకంతా నోటి దగ్గర ఉంది. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడకి చెవి ఆనించేవాడు, ఆ తర్వాత ఇంటివాళ్ళకి క్లాసు పీకేవాడు. "మెయిన్ వాల్వు కట్టకుండా మీకు నిద్దరెలా పడుతుందండీ? మనిషి శ్రద్ధ తెలియాలంటే మొహం చూడక్కర్లేదు, కుళాయి చూస్తే చాలు." వినేవాళ్ళు బుద్ధిగా తలూపేవారు. పని పూర్తయ్యేదాకా ఊపక చస్తారా మరి.

ఆయనకో పాత మోటారు సైకిలు ఉండేది. ఓ పక్క పైపు ముక్కలు, ఓ పక్క పనిముట్ల సంచి వేలాడేసుకుని, అది వీధిలోకి వస్తుంటే సంతకి బయల్దేరిన గాడిదలా ఉండేది. ఇంటి పక్కన రేకుల షెడ్డులో, పనికోసం పోయించుకున్న ఇసక కుప్ప అంచున దాన్ని నిలబెట్టేవాడు. ఆ షెడ్డులో కొన్నాళ్ళుగా పెట్రోలు వాసన గుప్పుమంటోంది. పైగా టాంకులో పెట్రోలు ఆయన తిరిగే తిరుగుడుకి పొంతన లేకుండా తగ్గిపోతోంది.

ఇంట్లో ఉండేది ముగ్గురు: మేస్త్రి, ఆయన భార్య, ఆవిడ తమ్ముడు. ఆ తమ్ముడు బేకరీలో పిండి కలిపే పనివాడు. పని దొరికిన కొత్తలో "గది చూసుకునేదాకా" అని వచ్చాడు. తర్వాత గది సంగతి అతనూ మరిచిపోయాడు, అక్కా మరిచిపోయింది, బావ కూడా మరిచిపోయాడు. మాట తక్కువ మనిషి. పిండి పిసికినా, రొట్టెల పలక పొయ్యిలోకి తోసినా, తలుపు గడియ తీసినా అన్నీ ఎడమచేత్తోనే. మేస్త్రి అతన్ని ముద్దుగా "ఎడమా" అని పిలిచేవాడు. బేకరీలో కూడా అదే పేరు అంటుకుంది.

ఒక రోజు టీ తాగుతుంటే ఆ ఎడమ అన్నాడు, "బావా, నీ బండి కారుతున్నట్టుంది."

"ఏంటీ?"

"బండి. కిందికి దిగిన సన్న పైపులోంచి. నువ్వోసారి చూడు."

మేస్త్రి గ్లాసు కింద పెట్టి భార్య వంక చూశాడు. "విన్నావా? నా ఇంట్లో లీకుందట. అది నాకు వీడు చెబుతున్నాడు. ఒరేయ్, నువ్వు రొట్టె సంగతి చూసుకో. అది పొంగకపోతే నేనొచ్చి నీకు చెప్పానా ఎప్పుడైనా?"

అక్క నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

బండి కారడం లేదని మేస్త్రికి గట్టి నమ్మకం. ఎందుకంటే చప్పుడు వినపడలేదు. బొట్టు పడిన చప్పుడు వినపడకుండా లీకనేది ఆయన జన్మలో లేదు. మరి పెట్రోలు ఎటు పోతున్నట్టు? కాళ్ళొచ్చి నడిచిపోదు కదా. ఆ ఆలోచనలో ఉండగానే ఒక తెల్లవారుజామున మంచినీళ్ళకని లేచి వంటింటి కిటికీలోంచి చూశాడు. బావమరిది బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో రేకు డబ్బా. అందులో ఏదో ద్రవం కదులుతోంది.

కిటికీలోంచి "ఏరా?" అని ఒక్క కేక వేస్తే అక్కడికక్కడే తేలిపోయేది. వెయ్యలేదు. పిల్లిలా వెనక్కి వచ్చి పడుకుని, కళ్ళు మూసుకుని, చూసింది నెమరు వేసుకున్నాడు. అనుమానంలో ఓ రుచి ఉంటుంది, అడిగేస్తే ఆ రుచి పోతుంది. బావమరిది పనికి వెళ్ళేముందు సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్న చప్పుడు కూడా ఆయన లెక్కలో చేరింది. పిండి కలిపేవాడు చేతులు కడుక్కోకపోతే ఎలా అన్న ఆలోచన మటుకు రాలేదు.

ఆ పూటే బండి నడివీధిలో ఆగిపోయింది. పైపులతో, సంచితో దాన్ని తోసుకుంటూ, చెమటలు కక్కుకుంటూ బేకరీ ముందుకి వచ్చిపడ్డాడు. కౌంటరు దగ్గర రొట్టెల కోసం నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళలో పై వాటా నర్సమ్మ కూడా ఉంది. ఓనరు ఆయన్ని చూసి పక్కకి పిలిచాడు. పిలవడం పక్కకే గానీ, ఆ మనిషి గొంతు ఎప్పుడూ పక్కకి వెళ్ళింది కాదు.

"మేస్త్రీ, మంచి సమయానికొచ్చారు. నా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. పొద్దున్నే వచ్చి కొట్టు తెరవడం నావల్ల కావట్లేదు. తాళాలు మీ బావమరిదికి అప్పగిద్దామనుకుంటున్నా. ఇంట్లో చూసేవారు, మీరు చెప్పండి. మనిషి ఎలాంటివాడు?"

మేస్త్రికి ఇంకా ఊపిరి అందలేదు. అరచేతులు హ్యాండిలు పట్టుకుని ఎర్రబడి ఉన్నాయి.

"బంగారమండీ," అన్నాడు. "పనిలో వంక పెట్టలేం. కాకపోతే కాస్త చేతివాటం."

ఇక్కడ కాస్త ఆగాలి. మన భాషలో ఇదో గమ్మత్తయిన మాట. ముందు "ఎడమ" ఉంటే దానంత అమాయకమైన మాట లేదు. ఫలానా ఆయన ఎడమచేత్తో రాస్తాడని, తింటాడని, అంతే. ఆ "ఎడమ" తీసేసి చూడండి, అదే మాట పక్కవాడి జేబులోకి చెయ్యి పెట్టేస్తుంది. మేస్త్రి బావమరిదిని నలుగురిలో "మావాడిది ఎడమచేతివాటం లెండి" అని ఎన్నోసార్లు మురిపెంగా అన్నవాడే. ఆ పూటా ఆ "ఎడమ" నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినదాన్ని ఆయనే మింగాడు. నోరు జారిందనడానికి వీల్లేదు. నోరు చాలా జాగ్రత్తగా పనిచేసింది. ఎవరైనా నిలదీస్తే బయటికి తియ్యొచ్చని దాన్ని బుగ్గన దాచుకున్నాడు కూడా.

ఎవరూ నిలదియ్యలేదు. ఓనరు రొట్టెకి కాగితం చుడుతున్నవాడల్లా ఆగి, "ఓహో" అన్నాడు. లోపల్నుంచి వేడి పలకతో వచ్చిన బావమరిది ఆ పలకని కౌంటరు మీద పెట్టి, బావని ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి అతను వచ్చి తన చొక్కాలు సంచిలో సర్దుకున్నాడు. "బేకరీలో పొయ్యి పైన అటక ఖాళీగా ఉందక్కా. పనికి దగ్గర," అన్నాడు. అక్క నమ్మింది. నర్సమ్మ మెట్లు దిగి వచ్చేదాకా నమ్మింది.

అన్నం పెట్టేటప్పుడు భార్య అడిగింది, "మా తమ్ముణ్ణి దొంగన్నారట?"

"ఎవరన్నారు? ఎడమచేతివాటం అన్నాను."

"నర్సమ్మగారికి ఎడమ వినపడలేదట."

"ఆవిడకి చెవుడు."

"ఆసుపత్రిలో నర్సుగా రోజూ గుండె కొట్టుకోవడం వినే మనిషండీ ఆవిడ. ఎడమ వినపడదా?"

మేస్త్రి నీళ్ళు నమిలాడు. నీళ్ళతో బతికే మనిషికి అది అలవాటే. భార్య మరి మాట పెంచలేదు. కూర గిన్నె ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయింది. వడ్డించుకోమని అర్థం. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఆయన తనంతట తాను వడ్డించుకోవడం అదే మొదలు.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. దొంగ వెళ్ళిపోయాక దొంగతనం పెరిగింది. ఇదివరకు బండి సగం పని దాకా అయినా లాక్కొచ్చేది, ఇప్పుడు వీధి మలుపు కూడా దాటడం లేదు. షెడ్డు వాసన వంటింట్లోకి వచ్చేసింది. మేస్త్రి మొదట ఎదురింటివాళ్ళని అనుమానించబోయాడు గానీ, ఎదురింటి ఆయనకి సైకిలు తప్ప గతి లేదు.

"ఇప్పుడెవరిమీద పెడతారు?" అంది భార్య గుమ్మంలోంచి. "ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. కావాలంటే నా చేతులు కూడా వాసన చూడండి."

ఆ ఆదివారం మేస్త్రి పనులన్నీ మానుకుని షెడ్డులో బండి ముందు కూర్చున్నాడు. భార్యని పొయ్యి ఆర్పమన్నాడు, కిటికీ మూయమన్నాడు. ఇసకని చేత్తో పక్కకి లాగి, ఇంజను కింద ఓ అట్టముక్క పరిచాడు. ఇంజను పక్కనుండే కార్బురేటరు గిన్నె తడితడిగా మెరుస్తోంది. దాని అడుగునుంచి కిందికి దిగిన సన్న పైపు చివర ఓ బొట్టు ఉబ్బింది, వేలాడింది, రాలింది. అట్టమీద "టప్" అంది. మళ్ళీ ఇంకోటి.

ఆ చప్పుడు ఆయనకి చిన్నప్పటినుంచీ తెలిసిన చప్పుడు. ఇన్నాళ్ళూ వినపడకపోయింది ఇసక మింగేసినందుకే. అచ్చం ఆయన "ఎడమ"ని మింగినట్టే.

"ఏమే, ఏదైనా గిన్నె ఇవ్వు, పట్టాలి," అన్నాడు మెల్లిగా.

భార్య వంటింట్లోకి వెళ్ళలేదు. షెడ్డు వెనక మేకుకి వేలాడుతున్న రేకు డబ్బా తెచ్చి ఇచ్చింది. దాని మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంది. మేస్త్రి ఆ డబ్బాని గుర్తుపట్టాడు. గుడ్డని మాత్రం అంతకుముందు చూడలేదు. దొంగిలించే పెట్రోలుని వడకట్టుకోవాల్సిన అవసరం ఎవరికుంటుంది?

పైనుంచి నర్సమ్మ బట్టలు ఆరేస్తూ, షెడ్డు తెరిచి ఉన్న వైపునుంచి వంగి చూసింది. "కొంచెం ఎడంగా పెట్టండి మేస్త్రిగారూ. మీ బావమరిది అక్కడే పెట్టేవాడు. రాత్రి పెట్టి పడుకుని, పొద్దున్నే ఆ గుడ్డలో వడపోసి మళ్ళీ టాంకులో పోసేసి పనికెళ్ళేవాడు. నేను పళ్ళు తోముకుంటూ రోజూ చూసేదాన్ని. మీరే చెప్పారేమో అనుకున్నా."

మేస్త్రి తలెత్తలేదు. మెడ వెనక ఎవరో వేడినీళ్ళు పోసినట్టయింది.

"నీకు తెలుసా?" అని భార్యని అడిగాడు.

"డబ్బా సంగతి తెలీదు. కారుతోందని మీకు చెప్పడం తెలుసు. నేనూ నవ్వాను కదా ఆ రోజు." "చెబితే మీ పేరు పోతుందని ఊరుకుని ఉంటాడు. లీకుల మేస్త్రి ఇంట్లో లీకని వీధిలో నవ్వుతారని."

పని చేతిలో ఉంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో వెతుక్కోనక్కర్లేదు. మేస్త్రి పనిలోకి తలదూర్చాడు. ముందు టాంకు కిందున్న పెట్రోలు ట్యాపు కట్టాలి. తిప్పితే కదల్లేదు. పట్టకారుతో పట్టి బలవంతం చేస్తే కిర్రుమంటూ తిరిగింది. బండి కొన్నప్పటినుంచీ దాన్ని ఒక్కసారీ కట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఊళ్ళోవాళ్ళందరినీ వాల్వులు కట్టుకోలేదని తిట్టిన మనిషి. ఆ కిర్రు ఎవరైనా విన్నారేమోనని ఆయన చుట్టూ చూశాడు. నర్సమ్మ దుప్పటి ఆరేస్తోంది, కానీ ఆ దుప్పటి ఆరెయ్యడానికి ఆవిడకి చాలాసేపే పట్టింది.

గిన్నె మరలు ఊడదీశాడు. లోపల చూసేసరికి మరీ సిగ్గేసింది. అదేమీ అర్థంకాని యంత్రం కాదు. మిద్దెల మీద ఆయన రోజూ బిగించే నీళ్ళ టాంకు ఎలా ఉంటుందో అలాగే ఉంది, అగ్గిపెట్టెలో పట్టేంత సైజులో. పెట్రోలు నిండేకొద్దీ చిన్న ఫ్లోటు తేలుతుంది. తేలినప్పుడు దాని తోక ఒక సూదిని పైకి నెడుతుంది. ఆ సూది వెళ్ళి రంధ్రాన్ని మూస్తుంది. మూసుకుంటే సరే. మూసుకోకపోతే గిన్నె నిండి, పొర్లి, సన్న పైపులోంచి పోతుంది. టాంకు పొర్లుతోందని ఎవరైనా కబురు పెడితే ఆయన చూసే మొదటి చోటు అదే.

పెట్రోలు వచ్చే పైపు నోట్లో పెట్టుకుని, ఫ్లోటుని వేలితో పైకి ఎత్తిపట్టి ఊదాడు. గాలి ఆగాలి. ఆగలేదు. బుస్సుమని అవతలికి పోయింది. నోట్లోకొచ్చిన పెట్రోలు ఉమ్మేసి, సూది బయటికి లాగి, రంధ్రంలోకి కళ్ళు చికిలించి చూశాడు. అంచున ఏదో తెల్లగా అతుక్కుని ఉంది. పిన్నీసుతో గిల్లితే పోగులా సాగుతూ బయటికి వచ్చింది.

"ఏం దొరికింది?" అంది భార్య.

"టేపు ముక్క."

"ఏ టేపు?"

ఆయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. కుళాయి మరలకి చుట్టే తెల్ల టేపు అది. కిందటి సారి ఈ పెట్రోలు పైపు వదులైందనిపించి, అది తొడిగే ముక్కుకి అలవాటుకొద్దీ నాలుగు చుట్లు చుట్టి, పళ్ళతో తెంపి, మీద మళ్ళీ పైపు దూర్చాడు. ఏ మెకానిక్కూ చెయ్యని పని. కుళాయిల మేస్త్రి తప్ప ఇంకెవరూ చెయ్యని పని. దాని అంచులోంచి ఊడిన పోగు పెట్రోలుతో కొట్టుకొచ్చి సూది కింద కాపురం పెట్టింది.

"ఈ ఇంట్లో ఆ టేపు వాడేదెవరు?" భార్య అడగలేదు, పైకే అనుకుంది.

ముక్కు మీది టేపంతా గోకి పారేశాడు. రంధ్రం తుడిచాడు, సూది తుడిచాడు, మళ్ళీ ఊదాడు. గాలి గోడకి కొట్టుకున్నట్టు ఆగింది. అన్నీ బిగించి, ట్యాపు తిప్పి, పొడి అట్ట పరిచి కూర్చున్నాడు. అట్ట పొడిగానే ఉంది. మామూలు రోజైతే ఇంటివాళ్ళని పిలిచి, "చూశారా, చెయ్యి పడితే అంతే," అని చూపించేవాడు. ఇవాళ ఆ అట్టని రెండుగా మడిచి, ఎవరికీ కనపడకుండా పైపుల కింద తోసేశాడు.

"ఎక్కడికి?" అంది భార్య, ఆయన చొక్కా మార్చుకోవడం చూసి.

"బేకరీకి."

బేకరీకి వెళ్ళేదారంతా ఆయన ఒకే మాట తిప్పి తిప్పి చూసుకున్నాడు. నిజం మొత్తం చెప్పాల్సిన పనేముంది? బుగ్గన దాచింది ఉంది కదా, అది బయటికి తీస్తే చాలు. ఓనరుకి తృప్తి, బావమరిదికి తాళాలు, తనకి పేరు. అందరికీ మంచిదే.

కౌంటరు దగ్గర ఈసారి ఇంకా ఎక్కువమంది ఉన్నారు. ఓనరు ఆయన్ని చూసి ముక్తసరిగా తలూపాడు. "తాళాలు మా మేనల్లుడికి ఇద్దామని చూస్తున్నా మేస్త్రీ. పని రాదు గానీ, ఏం చేస్తాం, నమ్మకం కావాలి కదా."

"అదేనండీ చెబుదామని వచ్చా," అన్నాడు మేస్త్రి గబగబా. "ఆ రోజు నేనన్నది ఎడమచేతివాటం. ఎడమ కాస్త మెల్లిగా పడింది. మీరు ఇంకోలా విన్నట్టున్నారు."

ఓనరు కళ్ళు పెద్దవి చేసి, తర్వాత పకపకా నవ్వాడు. "అదా సంగతి. నా నిద్దర పాడుచేశారు కదయ్యా. ఏయ్ ఎడమా, ఇలా రా. మీ బావ నీ చెయ్యి గురించి చెబితే నేనేదో అనుకున్నా. ఎడమ అన్నాడట. నీకు తెలుసా?"

బావమరిది మోచేతుల దాకా పిండితో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బావ మొహం చూశాడు. గోళ్ళలోని నలుపు, చొక్కామీద పెట్రోలు మరక చూశాడు. బండి విప్పారని అతనికి అర్థమైపోయింది.

"అవునండీ," అన్నాడు ఓనరుతో, నెమ్మదిగా. "ఎడమ అనే అన్నాడు. నేనూ విన్నాను."

మేస్త్రి అక్కడినుంచి వెళ్ళిపోవచ్చు. ఆయన కోరుకున్నదంతా జరిగిపోయింది. కానీ కాళ్ళు రాలేదు. తను కారాడు, వాడు మళ్ళీ వచ్చి కింద డబ్బా పట్టాడు. ఒక్క బొట్టు కూడా నేలన పడనివ్వకుండా.

"అనలేదండీ," అన్నాడు మేస్త్రి.

"ఏమిటి?"

"ఎడమ అనలేదు. దొంగ అనే అర్థం వచ్చేలా అన్నాను, కావాలనే అన్నాను. నా బండి పెట్రోలు తీస్తున్నాడనుకున్నా. తియ్యలేదు. నా బండే కారింది. నేను చుట్టిన టేపువల్లే కారింది. వీడు ముందే చెప్పాడు, నేను వినలేదు. కారిందంతా పట్టి మళ్ళీ నా టాంకులోనే పోశాడు."

అందరికంటే వెనకనున్న ఓ పెద్దావిడ ముందుకి వంగి, "మేస్త్రిగారూ, మా మోటారు పైపుకి చుట్టింది కూడా ఆ టేపేనా?" అంది.

"అది నీళ్ళ పైపేనమ్మా. నీళ్ళకి పరవాలేదు."

"ఏమో బాబూ. ఓసారి వేరేవాళ్ళకి చూపిస్తాలే."

ఓనరు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. అతను సొరుగు తెరిచి తాళాల గుత్తి తీసి బావమరిది ముందు పెట్టాడు. పిండి చేతులతో ముట్టుకోలేక అతను వాటిని చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు ఓనరు మేస్త్రి వైపు తిరిగాడు. "మీ మాటకి విలువుందని మిమ్మల్ని అడిగాను. ఇకమీదట ఎవరి గురించీ అడగనులెండి." కోపంగా కూడా అనలేదు. రొట్టె అయిపోయిందని చెప్పినట్టు చెప్పాడు.

మేస్త్రి మెట్లు దిగి బండి దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి బావమరిది చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఇంటికి రారా," అన్నాడు మేస్త్రి. "మీ అక్క అన్నం కూడా నా మొహాన పెట్టట్లేదు. దాని కోసం కాదులే. నువ్వు రా."

"పని ఉంది."

"సాయంత్రం?"

అతను రోడ్డువంక చూశాడు. మొహంలో పంతం లేదు, అలసట ఉంది. "చూస్తాలెండి బావగారూ," అని లోపలికి వెళ్ళిపోయాడు.

మేస్త్రి ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"చెప్పారా?"

"చెప్పాను."

"మొత్తం?"

"మొత్తం. ముందు సగం చెప్పి, తర్వాత మొత్తం."

"వస్తానన్నాడా?"

"చూస్తాలెండి అన్నాడు."

భార్య పక్కకి తప్పుకుని దారివ్వబోయింది, మళ్ళీ ఆగింది. "లెండి అన్నాడా?"

"లెండి అన్నాడు. బావగారూ అని కూడా అన్నాడు."

ఆవిడ లోపలికి నడుస్తూ, "అయితే చాలా రోజులు పడుతుంది," అంది. ఆ పూట కూడా గిన్నె ఆయన ముందు పెట్టి వెళ్ళింది గానీ, గరిటె మాత్రం ఆయన చేతికి అందించింది.